నాలుగో తేదీ సంతకం

"మధ్యాహ్నం మూడింటికి ఫైలు మూసేస్తున్నా మేడమ్. చూసుకోవాల్సిందేదో ఈలోపే చూసుకోండి," అన్నాడు సీఐ కొండలరావు, జీపు దిగకుండానే.

చూడామణి వాచీ చూసుకుంది. తొమ్మిదీ నలభై. శనివారం, నవంబరు పది, 2007. చేతిలో ఉన్నది అయిదు గంటల ఇరవై నిమిషాలు. నందిగామ కోర్టులో ఇరవై రెండేళ్ళు పంచనామాలకు నకళ్ళు రాసి రాసి, చివరికి ఆ ఉద్యోగానికి దణ్ణం పెట్టి, డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్న మనిషి ఆమె. పోలీసులు రాసినదాని కంటే రాయకుండా వదిలేసినదాని మీదే ఆమెకు గురి ఎక్కువ. అందుకే ఆమె పేరు వింటే కొండలరావుకు ఒళ్ళు మంట.

"అంత తొందరేం వచ్చింది సీఐ గారూ?"

"కుర్రాడు మేజరు. తన ఇష్టప్రకారం వెళ్ళాడు. వెతకొద్దని రాసి మరీ వెళ్ళాడు. ఇంకేం కావాలండీ మీకు?"

చూడామణి వెనకాల నాలుగడుగుల దూరంలో రాగసుధ నిలబడి ఉంది. కనబడకుండా పోయిన కుర్రాడికి అక్క. జగ్గయ్యపేటలో టీచరు. పది రోజులుగా సరిగ్గా తిన్నదీ లేదు, నిద్రపోయిందీ లేదు. నిన్న దీపావళికి వీధి వీధంతా వెలిగిపోతుంటే ఆ ఇంట్లో ఒక్క ప్రమిద కూడా వెలగలేదు. ఇప్పుడు ఆమె చేతిలో నాలుగు మడతలు పెట్టిన జిరాక్సు కాగితం ఒకటుంది. దాన్ని ఆమె గుప్పిట్లోంచి వదలటం లేదు. ఆమె ప్రాణం నిలిచింది ఆ కాగితం మీదే. దాన్ని లాక్కోవడానికే తను ఇక్కడికి వచ్చినట్టు చూడామణికి పొద్దుటి నుంచీ లోపల ఏదో గుచ్చుకుంటోంది.

భార్గవ వయసు ఇరవై నాలుగు. నందిగామలో ఒక కాలేజీలో కంప్యూటర్లు చెబుతాడు. అక్టోబరు ముప్పై ఒకటి, బుధవారం సాయంత్రం నుంచి కనిపించడం లేదు. అతనికి ఒక పిచ్చి ఆట ఉంది. ఎక్కడో మారుమూల చిన్న డబ్బా ఒకటి దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్‌లో పెడతారు. అరచేతిలో పట్టే జీపీఎస్ మిషన్ పట్టుకుని ఇంకెవరో వెతుక్కుంటూ వస్తారు. డబ్బా దొరికితే అందులోని పుస్తకంలో తేదీ, టైము వేసి సంతకం పెట్టి, డబ్బాను ఉన్నచోటే పెట్టేసి పోతారు. బహుమతీ లేదు, పాడూ లేదు. మొదట విన్నప్పుడు చూడామణి నవ్వేసింది.

భార్గవ తన డబ్బా దాచింది ఇక్కడే. జగ్గయ్యపేట నుంచి పెనుగంచిప్రోలు వెళ్ళే రోడ్డు దిగి, పత్తి చేల మధ్య మూడు కిలోమీటర్లు మట్టిబాటన వస్తే తగిలే పాత శ్మశానంలో. ఎప్పుడో కంపెనీ కాలంలో సర్వే పనికి వచ్చి కలరాతో పోయిన దొరల గోరీలు ఇవి. రెండేళ్ళలో ఆ పుస్తకంలో పడ్డ సంతకాలు మొత్తం పన్నెండు. అందులో తొమ్మిది భార్గవవీ, అతని స్నేహితుడు సతీష్‌బాబువే. ప్రపంచమంతా ఆడే ఆటను ఇక్కడ దాదాపు ఇద్దరే ఆడుకున్నారన్నమాట.

ఆఖరి సంతకమే రాగసుధ గుప్పిట్లో ఉంది. "4-11-2007. సాయంత్రం 5.10. ఒక్కణ్ణే వచ్చా. ఇక్కడితో చాలు. నన్నెవరూ వెతకొద్దు. భార్గవ."

రాత అతనిదే. అక్క చెప్పింది, కాలేజీ వాళ్ళు చెప్పారు, చూడామణి కూడా భూతద్దం పెట్టి చూసి ఒప్పుకుంది.

"నాలుగో తారీకు దాకా వాడు బాగానే ఉన్నాడు కదండీ," అంది రాగసుధ, దారిలో పదోసారి అడిగిన మాటే. "అలిగి ఎక్కడికో పోయుంటాడు. చిన్నప్పుడూ అంతే. ఆకలేస్తే వచ్చేవాడు."

"మీరు అలా నీడన కూర్చోండమ్మా. నేను చూసొస్తా."

పడమటి గట్టున వేపచెట్టు కింద రాళ్ళ కుప్ప గోరీ ఒకటుంది. దాని పక్కన నేల మీద రాగసుధ చతికిలబడింది.

చూడామణి పోలీసుల స్కెచ్ తీసింది. పద్నాలుగు గోరీలకూ నెంబర్లు వేశారు. అయిదు ఇటుక కట్టడాలు, తొమ్మిది మోకాలెత్తు రాళ్ళ కుప్పలు. అన్నిటికీ తెల్లటి సున్నం. వేపచెట్టు కిందిదానికి మాత్రం పైపైన నీళ్ళు చల్లినట్టు పలచగా ఉంది. డబ్బా దొరికింది మూడో నెంబరులో. ఇటుక గోరీ, పాదాల వైపు, నేలకు జానెడు ఎత్తున గూడు. ఆ గూటికి అడ్డంగా ఉండే ఇటుక ఇప్పుడు లేదు.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుంది. గూడు చుట్టూ సున్నం అంచులు పెచ్చులుగా లేచి ఉన్నాయి. గూటికి కుడిపక్కన ఎర్రటి జాజుతో వేలెడు పొడవు గీత అడ్డంగా ఉంది. గూటి అంచు దగ్గర హఠాత్తుగా ఆగిపోయింది.

"దశరథరామయ్య గారూ!"

హెడ్ కానిస్టేబుల్ పరుగులాంటి నడకతో వచ్చాడు. యాభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు.

"పంచనామాలో 'ఇటుక తీసి చూడగా డబ్బా దొరికినది' అని రాశారు. తీసింది ఎవరు?"

"నేనేనండి."

"చేత్తోనా?"

ఆయన సీఐ వైపు ఓసారి చూశాడు. "చేతికి రాలేదండి. గునపంతో నాలుగు పోట్లు పొడిస్తే అప్పుడొచ్చింది. సున్నం పెంకులా లేచింది."

"ఎప్పుడు?"

"ఎనిమిదో తారీకు, గురువారం పొద్దున పదకొండింటికి."

"గునపం సంగతి పంచనామాలో లేదేం?"

"అదేం పెద్ద విషయమని రాస్తారండీ?" జీపు దిగి వచ్చిన కొండలరావు గొంతు పెంచాడు. "ఇటుక తీశాం, డబ్బా దొరికింది. గునపమైతేనేం, గరిటైతేనేం?"

"ఆ ఇటుక ఎక్కడుంది?"

"జీపులో. డబ్బాతో పాటు సీలు వేసి ఉంది. కోర్టు ఆర్డరు తెస్తే చూపిస్తా."

"మీ ముందే, మీ చేతుల్లోనే చూపించండి. నేను ముట్టుకోను."

"అవసరం లేదు."

ఇంతలో క్వారీ వైపు నుంచి తెల్ల జీపు ఒకటి వచ్చి ఆగింది. సతీష్‌బాబు దిగాడు. ముప్పై ఏళ్ళుంటాయి. శ్మశానానికి ఆనుకుని ఉన్న సున్నపురాయి క్వారీ వాళ్ళదే, దాని పక్క చేలూ వాళ్ళవే. నెల కిందట భార్గవ జీపీఎస్ మిషన్‌తో ఈ శ్మశానం హద్దులు కొలిచి, క్వారీ నలభై మీటర్లు లోపలికి వచ్చేసిందని లెక్క తేల్చాడు. తహసీల్దారుకు అర్జీ రాస్తానన్నాడు. ఆ సంగతి రాగసుధ చెప్పింది. పోలీసు ఫైల్లో అదీ లేదు.

"రమ్మన్నారటండి," అన్నాడు వినయంగా.

"ముప్పై ఒకటో తారీకు సాయంత్రం భార్గవ మీ బండి మీదే ఉన్నాడు కదూ?"

"అవునండి. నాలుగింటికి జగ్గయ్యపేటలో టీ తాగాం. ఆరున్నరకి నందిగామ బస్టాండులో దింపేసి వచ్చా."

"దింపటం ఎవరైనా చూశారా?"

"బస్టాండులో నన్నెవరు చూస్తారండీ, వాళ్ళ బస్సు వాళ్ళు చూసుకుంటారు గానీ."

"మర్నాడు?"

"తెల్లారగట్లే అమ్మని విజయవాడ తీసుకెళ్ళా. కంటి ఆపరేషను. ఆరో తారీకు దాకా ఆస్పత్రిలోనే ఉన్నా. నర్సులున్నారు, మా మేనమామ ఉన్నాడు. నాలుగో తారీకు సాయంత్రమైతే డాక్టరుగారితోనే మాట్లాడుతున్నా."

"నేను నాలుగో తారీకు అడగలేదే."

సతీష్‌బాబు నవ్వబోయి మానేశాడు. "సీఐ గారు అడిగారు లెండి, అలవాటైపోయింది."

"పుస్తకం చూడమని సీఐ గారికి చెప్పింది మీరేగా?"

"నేనేనండి. మా ఆటలో ఎవడొచ్చినా సంతకం పెట్టాల్సిందే. వాడొచ్చుంటే పెడతాడనిపించింది."

"మంచిపని చేశారు," అంది చూడామణి. తర్వాత ఊసుపోక అడిగినట్టు చుట్టూ చూస్తూ, "ఈ గోరీలకి సున్నం ఎప్పుడు వేశారు?" అంది.

అతను మొదటిసారి గోరీల వైపు చూశాడు.

"ఏమోనండి. ఎప్పుడూ తెల్లగానే ఉంటాయనుకుంటా. దీపావళికి వేసుంటారేమో."

"మీ చేను గట్టు అదేగా? పుట్టి పెరిగింది ఇక్కడే."

"గట్టు మాదే. వాళ్ళ గోరీల సంగతి మాకెందుకండీ?"

చూడామణి మనసులో తేదీలు లెక్కవేసుకుంది. దీపావళి నిన్న. ఇటుకను గునపంతో పొడిచింది మొన్న. అప్పటికే సున్నం రాయిలా గట్టిపడి ఉంది. ఇక తెలియాల్సింది ఒక్క తేదీ. ఆ తేదీ తను భయపడుతున్నది కాకపోతే బాగుండునని ఆమె నిజంగానే కోరుకుంది. పుట్టి బుద్ధెరిగాక ఒక కేసులో తను ఓడిపోవాలని కోరుకోవడం అదే మొదలు.

"ఎవరయ్యా నా శిలువ పగలగొట్టింది?"

అందరూ తిరిగి చూశారు. పత్తి చేల గట్టు మీంచి ముసలామె ఒకతె కర్ర పొడుచుకుంటూ వస్తోంది. పల్లెలో ఉంటుంది, పేరు కృపావతి. డెబ్బై పైబడ్డ మనిషి. కళ్ళు సరిగా ఆనవు. నోరు మాత్రం ఖణేల్‌మంటోంది.

"మొన్న జీపొచ్చింది, పోయింది. వచ్చి చూస్తే దొరగారి కాళ్ళ కాడ బొక్క! సచ్చినోళ్ళని కూడా నిద్రపోనివ్వరా మీరు?"

"ఏయ్, తప్పుకో అవతలికి," అన్నాడు కొండలరావు.

"ఆవిణ్ణి మాట్లాడనివ్వండి," అంది చూడామణి. ఆ గొంతుకు సీఐ కూడా ఒక్కక్షణం ఆగాడు. ఆమె ముసలామె దగ్గరికి నడిచింది. "అవ్వా, ఈ సున్నం నువ్వే వేశావా?"

"నేను కాక ఎవరేస్తారు అమ్మగారూ? మా అమ్మమ్మ ఏసింది, మా అమ్మ ఏసింది. ఇప్పుడు నేను. మా వాళ్ళ గోరీలకేసుకుని వీళ్ళని వదిలేస్తే ఏం బాగుంటదీ? వీళ్ళకి మాత్రం ఎవరున్నారు?"

"ఎప్పుడు వేశావు?"

ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు చూసింది కృపావతి. "సమాధుల పండగ రెండో తారీకు గదా? ముందురోజు సున్నం, మర్నాడు సాయంత్రం కొవ్వొత్తులు. ఏటా అంతే."

"అంటే ఒకటో తారీకు, గురువారం."

"గురువారమే. పొద్దున్నే మొదలెట్టా. ఈ దొరగారి దగ్గరికొచ్చేసరికి ఎండ నడినెత్తి మీదికి రాలేదింకా. ఇటుకల సందుల్లో పగుళ్ళుంటే సున్నం ముద్ద పెట్టి మెత్తా. పైన రెండు పూతలేశా. ఆఖర్న పాదాల కాడ ఏలితో జాజు ముంచి శిలువ గీశా. అదే పగలగొట్టారు."

సతీష్‌బాబు దగ్గాడు. "ముసల్ది సార్. ఏ రోజేం చేసిందో దానికే గుర్తుండదు."

"పండగ నేను పుట్టకముందు నించీ ఉంది చిన్నబాబుగారూ," అంది కృపావతి, అతని వైపు తిరగకుండానే. "పల్లెలో ఎవరినైనా అడుగు."

ముప్పై ఏళ్ళు ఆ గట్టు మీదే తిరిగాడు సతీష్‌బాబు. ఏటా నవంబరు రెండున ఆ గట్టుకు అవతల కొవ్వొత్తులు వెలిగాయి. అతని ఇంట్లో ఎవరూ తల తిప్పి చూడలేదు. చూడటానికి అక్కడ తమకు సంబంధించినది ఏదీ లేదనుకున్నారు.

"ఇటుక తెప్పించండి సీఐ గారూ," అంది చూడామణి.

కొండలరావు మొహం ఎర్రబడింది. ఒప్పుకుంటే ఒక తంటా, ఒప్పుకోకపోతే ఇంతమంది ముందు ఇంకో తంటా. కాసేపు పళ్ళు బిగించి, హెడ్ కానిస్టేబుల్‌కు సైగ చేశాడు. దశరథరామయ్య సంచి సీలు విప్పి, ఇటుకను రెండు చేతులా పట్టుకుని తెచ్చాడు. ఇటుక మొహం మీద సున్నం. సున్నం మీద ఎర్రటి గీతలు రెండు, ఒకటి నిలువు, ఒకటి అడ్డం.

"గూట్లో పెట్టండి."

పెట్టాడు. ఇటుక మీది అడ్డగీత వెళ్ళి గోరీ మీది గీతతో కలిసింది. శిలువ పూర్తయింది. కుంచె చారలు కూడా గోరీ మీంచి ఇటుక మీదికి, ఇటుక మీంచి మళ్ళీ గోరీ మీదికి తెగకుండా సాగాయి.

"ఒకసారి తీసి, మళ్ళీ అతికించి ఉండొచ్చుగా," అన్నాడు కొండలరావు. గొంతులో మునుపటి జోరు లేదు.

"అతికిస్తే మీ వాళ్ళకి గునపం అక్కర్లేదు. శిలువకి మధ్యలో అతుకు కనిపించాలి. అవ్వ ఒకటో తారీకు పొద్దున మూసిన గూడు, మీరు ఎనిమిదో తారీకు పదకొండింటికి పగలగొట్టేదాకా ఎవరూ తెరవలేదు."

"అయితే?"

"అయితే నాలుగో తారీకు సాయంత్రం అయిదూ పదికి అందులో సంతకం పెట్టిందెవరు సీఐ గారూ?"

రాగసుధ ఎప్పుడు లేచిందో, చూడామణి భుజం దగ్గర నిలబడి ఉంది. గుప్పిట్లో కాగితం నలిగిపోతోంది.

"రాత వాడిదే కదండీ. మీరే అన్నారు."

"వాడిదేనమ్మా."

"మరి?"

చెప్పకుండా తప్పించుకునే దారి ఉందా అని చూడామణి ఒక్కక్షణం వెతుక్కుంది. లేదు. చెప్పకపోతే మూడింటికి ఫైలు మూతపడుతుంది. ఈ పిల్ల బతికినంత కాలం ఆ కాగితం పట్టుకుని గుమ్మంలో కూర్చుంటుంది. చెబితే ఈ క్షణమే అంతా అయిపోతుంది. రెండింటిలో ఏది దయో ఆమెకు తెలియలేదు.

"ఆ పుస్తకం ఒకటో తారీకు పొద్దుటికే గూట్లో ఉంది. అప్పటికే అందులో నాలుగో తారీకు వేసి ఉంది. ముప్పై ఒకటో తారీకు సాయంత్రం ఎవరో పక్కన నిలబడి, తేదీ చెప్పి, టైము చెప్పి రాయించారు. నాలుగో తారీకున తను ఆస్పత్రిలో నలుగురి కళ్ళముందూ ఉంటానని ముందే తెలిసినవాళ్ళు." ఆమె ఆగింది. "ఇంకో నాలుగు రోజులు బతికున్నాడని చూపించే కాగితం, బతకబోయే మనిషి చేత ఎవరూ రాయించరమ్మా."

రాగసుధ ఏడవలేదు. ఆమె మొహంలోంచి ఏదో వెళ్ళిపోయింది, అంతే. వెనక్కి నడిచి, వేపచెట్టు కింద ఆ రాళ్ళ కుప్పకు ఒక చెయ్యి ఆనించి, మళ్ళీ అక్కడే కూలబడింది.

"ఇదంతా అల్లిక," అన్నాడు సతీష్‌బాబు. పెదాలు ఎండిపోయాయి. "సీఐ గారూ, మీరు దీన్ని నమ్ముతున్నారా? మనిషి పోయాడంటే శవం ఉండాలిగా? ఏదీ?"

క్వారీలో ఒక పేలుడు చాలు, ఏ గుంటైనా పూడిపోతుంది. శవం లేని కేసుకు కోర్టులో ఎంత విలువో, ఇరవై రెండేళ్ళు నకళ్ళు రాసిన చూడామణికి ఎవరూ చెప్పనక్కర్లేదు. మొహం తిప్పుకుని, ముసలామె కర్రకు ఆనుకున్న చేతుల వైపు చూసింది. వేళ్ళ సందులన్నీ సున్నానికి పొక్కిపోయి ఉన్నాయి.

"ఒక్కదానివే ఇన్నీ వేశావా అవ్వా?"

"ఏటా నేనొక్కదాన్నేగా. పదమూడిటికీ రెండు తట్టల సున్నం, కొలిచినట్టు సరిపోద్ది. ఈ ఏడే చాలి చావలేదు. సున్నమమ్మినోడు మోసం చేశాడు అమ్మగారూ. తూర్పు నించి ఏసుకుంటా పోతే, అదిగో, ఆ ఆఖరిదానికి తట్ట కడిగిన నీళ్ళే మిగిలినై."

చూడామణి చేతిలోని స్కెచ్ విప్పింది. దాన్ని చూడాల్సిన పని లేదు. అయినా వేలు పెట్టి లెక్కపెట్టింది. ఒకసారి తూర్పు నుంచి, ఒకసారి పడమటి నుంచి. రెండుసార్లూ పద్నాలుగే.

"ఎన్నన్నావు?"

"పదమూడు. కళ్ళు సరిగా ఆనవు గానీ లెక్కకేం? కొవ్వొత్తులు కూడా పదమూడే తెచ్చా. అవీ ఒకటి చాల్లా! వానలకి మట్టి కొట్టుకుపోయి పాతదేదో బయటపడిందనుకున్నా. ఎవరో దిక్కులేనివాళ్ళు, వాళ్ళని మాత్రం చీకట్లో ఎందుకుంచాలని, మా ఆయన గోరీ మీది కొవ్వొత్తి తీసుకొచ్చి అక్కడ పెట్టా."

తెల్ల జీపు తలుపు చప్పుడైంది. "దశరథరామయ్యా!" అని కొండలరావు అరిచిన అరుపు ఆ చేలన్నీ దాటి పోయింది. "ఆ బండి తాళం లాక్కో! కదలనివ్వకు ఆయన్ని!" పదేళ్ళుగా తెలిసిన ఆ గొంతులో చూడామణి మొదటిసారి భయం విన్నది. అటు తిరిగి చూడలేదు. ఆమె చూపంతా వేపచెట్టు కిందే ఉంది.

"అమ్మా రాగసుధా," అంది.

ఇంక చెప్పనక్కర్లేకపోయింది. రాగసుధ ముసలామె మాటలన్నీ విన్నది. రాళ్ళ కుప్పకు ఆనించిన తన చెయ్యి మెల్లగా తీసి చూసుకుంది. అరచేతి నిండా పలచటి సున్నం. మళ్ళీ ఆ చేతిని అక్కడే, రాళ్ళ మీద, జ్వరం చూసినట్టు ఆనించింది.

"అవ్వా," అంది, చెయ్యి తియ్యకుండానే. "నువ్వు పెట్టింది... వెలిగిందా?"

కృపావతికి ఏమీ అర్థం కాలేదు. అయినా ఆ పిల్ల మొహం చూసి కర్ర కింద పడేసి, పక్కనే కూర్చుంది.

"గాలికి రెండుసార్లు ఆరిపోయింది తల్లీ. మళ్ళీ వెలిగించా. అయిపోయేదాకా ఇక్కడే కూర్చున్నా."